గుట్ట ఎటు జరిగింది?

పోయినవారం కథ ఆగిన చోట మీరంతా నన్ను స్టాఫ్‌రూమ్ గుమ్మం ముందు నిలబెట్టేసి ఎవరి పనుల మీద వాళ్లు వెళ్లిపోయారు. నేనింకా అక్కడే ఉన్నాను. చేతిలో సిగ్నల్స్ అండ్ సిస్టమ్స్ మిడ్ పరీక్ష పేపరు ఉంది. మిగతా అందరూ చూసుకుని తిరిగి ఇచ్చేశారు, నేనే ఇవ్వలేదు. అందులో మూడో ప్రశ్న పక్కన ఎర్ర సిరాతో కోడిగుడ్డంత సున్నా ఉంది. వెనకాల జీవన్ అన్న నా బ్యాగు పట్టుకుని ముందుకు తోస్తున్నాడు. "పో హిమజా, పోయి అడుగు. అడిగితే ఏమైతది? కొడతడా?" అంటున్నాడు. సున్నా నాది కాబట్టి ఆయన ఎంత ధైర్యమైనా చెబుతాడు.

సంగతి తెలియనివాళ్ల కోసం ఒకసారి చెప్పేస్తాను. మా ఇల్లు నాచారంలో. మా నాన్న రాజయ్య అక్కడే ప్లాస్టిక్ డబ్బాల ఫ్యాక్టరీలో మెషిన్ నడుపుతాడు. నేను రోజూ ఉప్పల్లో బస్సు మారి, నారపల్లి దాటాక ఉండే ఇంజనీరింగ్ కాలేజీకి వస్తాను. ఈసీఈ, రెండో సంవత్సరం. మిడ్ పరీక్షల్లో కనీస మార్కులు రానివాళ్లను మా కాలేజీలో పెద్ద పరీక్ష రాయనివ్వరు. వచ్చే ఏడాది జూనియర్ల పక్కన కూర్చుని ఆ సబ్జెక్టు మళ్లీ మొదటినుంచి వినాలి. నాకు రెండు మార్కులు తక్కువయ్యాయి.

ఇంట్లో తిట్టి ఉంటే బాగుండేది. నాన్న తిట్టలేదు. "సమజ్ గాకపోతే బంద్ జెయ్ బిడ్డా, ఫికర్ జెయ్యకు. మా ప్యాకింగ్ సెక్షన్ల ఒక జాగ ఉన్నది, సూపర్‌వైజర్‌ను అడిగి పెట్టిన" అన్నాడు. ప్రేమగానే అన్నాడు. ఆ ప్రేమకే నాకు గుండె జారిపోయింది. అడిగి కూడా పెట్టాడంటే నేను పాసవుతానన్న ఆశ ఆయనకు లేనట్టే కదా.

జీవన్ అన్న కథ ఇంకో రకం. అన్నోజిగూడ నుంచి వస్తాడు. నిరుడు ఇదే సబ్జెక్టులో ఆగిపోయి మా క్లాసులో వచ్చి పడ్డాడు. ఏడాది పెద్ద కాబట్టి అందరం అన్న అంటాం. ఈసారి కూడా పోతే చదువు మాన్పించి, నారపల్లి రోడ్డు మీద తెలిసినవాళ్ల వెంచర్ ఆఫీసులో ప్లాట్లు చూపించే పనికి పంపిస్తానని వాళ్ల నాన్న ఒట్టేసి మరీ చెప్పాడట. ఈ మిడ్‌లో ఆయనకు సరిగ్గా పాస్ మార్కులు వచ్చాయి, ఒక్కటి కూడా ఎక్కువ లేదు. మార్కులు తెలిసిన రోజు క్యాంటీన్‌లో అందరికీ ఒక్కో సమోసా తినిపించాడు. నాకు మాత్రం రెండు పెట్టాడు, ఫెయిలయ్యానని.

ఇక సున్నా సంగతి. ఈ సబ్జెక్టులో మొదటి రోజు నుంచీ నాకు తలా తోకా తెలియలేదు. ఇన్‌పుట్ అంటారు, ఔట్‌పుట్ అంటారు, మధ్యలో ఒక డబ్బా గీస్తారు. డబ్బాలో ఏముంటది సర్ అని అడిగితే, ఏదైనా ఉండొచ్చమ్మా అంటారు. ఏదైనా ఉండగలిగే డబ్బా గురించి ఏమని చదవాలి? పోనీ సిగ్నల్ అంటే ఏమిటంటే, కాలంతోపాటు మారేది ఏదైనా సిగ్నలే అన్నారు. అట్లా చూస్తే మా నానమ్మ కోపం కూడా సిగ్నలే.

పరీక్షలో ఇచ్చింది చూడటానికి చిన్న ప్రశ్నే. ఒక అడ్డగీత, దాని మధ్యలో సున్నా. సున్నా దగ్గర మొదలై కుడివైపున ఒక చిన్న గుట్ట. అదే సిగ్నల్. ఆ గుట్టను అద్దంలో చూసినట్టు తిప్పి, రెండు గళ్లు జరిపి, ఎక్కడికి చేరిందో గీయమన్నారు. కాలాన్ని సూచించే టీ అక్షరం ముందు ఒక మైనస్ ఉంది, అది తిప్పమని. రెండు అంకె ముందు ఇంకో మైనస్ ఉంది, అది జరపమని. ఎటు జరపాలన్నదే చిక్కు.

క్లాసు మొత్తం కుడికి జరిపింది. నేను కుడికొక గుట్ట, ఎడమకొక గుట్ట గీశాను. ఏది కావాలంటే అది తీసుకుంటారులే అనుకున్నాను. సర్ రెండూ తీసుకోలేదు.

జీవన్ అన్న ఇంకోసారి తోశాడు. ఈసారి లోపల పడ్డాను.

స్టాఫ్‌రూమ్‌లో సుబ్రహ్మణ్యం సర్ ఒక్కరే ఉన్నారు. ఏదో కంపెనీ వచ్చిందని మిగతావాళ్లంతా ఆడిటోరియంలో ఉన్నారు. సర్ టిఫిన్ డబ్బా ముందు పెట్టుకుని పెరుగన్నంలో గోంగూర నంజుకుంటున్నారు. తెనాలి వైపు మనిషి, ఉప్పల్లో అద్దెకుంటారు. ఏనాడూ ఎవరినీ పల్లెత్తు మాట అనరు. ఆడపిల్లల్ని అమ్మా అని, మగపిల్లల్ని బాబూ అని పిలుస్తారు. అట్లాంటి మనిషి అన్నం తింటుండగా తగాదాకి పోవడం నాకే నచ్చలేదు.

"రామ్మా హిమజా. భోజనం అయిందా?"

"అయింది సర్." కాలేదు.

"ఏంటి సంగతి?"

పేపరు బల్ల మీద పెట్టాను. పెరుగు చెయ్యి తగలకుండా సర్ మెడ చాపి చూశారు. మూడో ప్రశ్న కనిపించగానే ఆయన చేతిలో ముద్ద ఆగిపోయింది.

"ఈ సున్నా ఎందుకొచ్చింది సర్?"

"రెండు బొమ్మలు వేశావుగా."

"ఔ సర్."

"ఒక ప్రశ్నకి రెండు జవాబులు రాస్తే ఎలాగమ్మా? అందులో ఏది నీ జవాబో నాకెలా తెలుస్తుంది?"

"నాకు గూడ తెల్వదు సర్. గందుకే రెండేసిన."

సర్‌కు నవ్వు వచ్చినట్టే వచ్చి పోయింది. మామూలుగా అయితే ఆయన ఇట్లాంటి మాటకు గట్టిగా నవ్వుతారు. నాకెందుకో ఆ నవ్వు పోవడం చూసి భయమేసింది.

"మార్కుల ముచ్చట తర్వాత సర్," అన్నాను. "రెండిట్ల ఏది కరెక్టో జెప్పుండ్రి. వారం సంది తిండి సయిస్తలేదు."

"కుడివైపుది," అన్నారు సర్, డబ్బాలోకి చూస్తూ.

"మరి ఎడమ దిక్కుది ఎందుకు తప్పు?"

"క్లాసులో చెప్పానుగా. మైనస్ కుడికి, ప్లస్ ఎడమకి. అన్నిచోట్లా ఇంతే. అందరిచేతా అనిపించాను కూడా."

ఆ అనిపించడం నేను వినలేదు. ఆ రోజు నేను కాలేజీకి రాలేదు. మా నానమ్మ వెంకటనర్సమ్మకు కంటి ఆపరేషన్ ఉంటే దవాఖానాకు తోడు వెళ్లాను. మా క్లాసులో ఎవరైనా రాకపోతే బోర్డు ఫొటో తీసి గ్రూపులో పెడతారు. ఆ ఫొటో చూసే మేం చదివేది. రూలు బోర్డు మీద ఉంటే నాకూ అందేది. కాని అది సర్ నోటితో చెప్పింది, ఫొటోలో పడలేదు. తర్వాత జీవన్ అన్న చెప్పాడు కాని, అప్పటికే నేను నా తంటాలు నేను పడి ఉన్నాను.

"రూలు నాకు ఆలస్యంగ తెలిసింది సర్. గంతల్నే నేను అంకెలు ఏసి జూసిన."

"ఏం అంకెలు?"

"ఎడమ దిక్కు మైనస్ రెండు కాడ ఏసి జూసిన. మైనస్ రెండుకు ముందట ఇంకో మైనస్ ఉంటే అది ప్లస్ రెండయితది. దాంట్లకెల్లి రెండు తీస్తే సున్నా. గుట్ట మొదలయ్యేది సున్నా కాడనే గద సర్? అంటే గుట్ట ఎడమ దిక్కే ఉండాలె. మళ్ల కుడి దిక్కు రెండు కాడ ఏసి జూసిన. మైనస్ నాలుగొచ్చింది. ఆడ గుట్టనే లేదు. మొత్తం ఖాళీ."

సర్ చేతిలో ముద్దను డబ్బాలో వదిలేశారు. నాకేమో మాట మొదలుపెడితే ఆపడం రాదు.

"పరీక్షల గూడ మూడుమార్లు ఏసిన సర్. మూడుమార్లు ఎడమకే వచ్చింది. తల ఎత్తి చూస్తే ముంగట బెంచీల అందరు కుడికే గీస్తున్నరు. ఇంతమంది తప్పయితరా, నేనొక్కదాన్నే కరెక్టయితనా? నేను ఎన్నడన్న కరెక్టయిన్నా సర్? గందుకని కుడికి గూడ ఒకటేసిన."

సర్ డబ్బాకు మూత పెట్టారు. అన్నం సగం అట్లాగే ఉంది. లేచి మూలనున్న కుళాయి దగ్గరికి వెళ్లి చెయ్యి కడుక్కోవడం మొదలుపెట్టారు. కడుగుతూనే ఉన్నారు. ఆయన వీపు చూస్తూ నేను మాట్లాడుతూనే ఉన్నాను. ఎవరైనా ఊరుకుంటే నాకు ఇంకా మాటలొస్తాయి, అదో జబ్బు.

"నానమ్మకు కుడి కంటికి ఆపరేషన్ అయింది సర్. ఇంటికొచ్చినంక నేను ఎదురుంగ నిలవడి చుక్కల మందు ఏసిన. నా కుడిచెయ్యి దిక్కు ఏ కన్నుంటే గా కంట్లె ఏసిన. 'ఓసి పిల్లా, కోసింది గీ కన్ను గాదే, గా కన్ను!' అని ఇల్లు పీకి పందిరేసింది. నేనేమో ఇదే గద కుడి అంటున్న. ఆమె నా దిక్కు తిరిగి ఉన్నది గద. ఆమె కుడి నాకు ఎడమ..."

అక్కడ నా నోరు దానంతట అదే ఆగింది.

గుట్టను తిప్పాం. తిప్పాక అది మన వైపు తిరిగి నిలబడ్డ మనిషే కదా. కుడికి జరగమంటే అది కుడికే జరిగింది, తన కుడికి. బయట నిలబడి చూసే మనకు అది ఎడమ. సర్ చెప్పిన రూలు తిప్పని గుట్టకు సరిపోతుంది. తిప్పిన గుట్టకు సరిపోదు.

ఇంతే. ఇంత చిన్న సంగతి. వారం రోజులుగా బుర్రలో గిర్రున తిరిగింది ఒక్కసారిగా కిందికి దిగి కూర్చుంది. ఈ కాలేజీలో చేరాక నాకు ఏదైనా ఎవరూ చెప్పకుండా అర్థం కావడం అదే మొదలు. సంతోషం పట్టలేక అరవబోయాను. అరిస్తే ఎవరైనా వస్తారని ఆగాను.

"సర్! దాని కుడి మన ఎడమ సర్!"

కుళాయి ఆగింది. సర్ జేబురుమాలుతో చెయ్యి తుడుచుకుంటూ వచ్చి, గుమ్మం దాకా వెళ్లి తలుపు దగ్గరికి వేశారు. బయట జీవన్ అన్న చెప్పుల చప్పుడు రెండడుగులు వెనక్కి పోవడం వినిపించింది.

"నీ ఎడమ బొమ్మే కరెక్టమ్మా," అన్నారు సర్ నెమ్మదిగా.

"ఇప్పుడే కుడిదన్నరు గద సర్?"

"అన్నాను."

"మరి?"

ఆయన కుర్చీలో కూలబడ్డారు. "పరీక్ష జరిగిన రోజు సాయంత్రం ఇంటికి వెళ్తూ ఉప్పల్ చౌరస్తాలో బండి ఆపాను. స్కైవాక్ కింద ట్రాఫిక్ కదలడం లేదు. ఊరికే నిలబడి ఉన్నాను కదా, పొద్దున ఇచ్చిన పేపరు మనసులో మళ్లీ వేసుకున్నాను. అప్పుడు తట్టింది. ఇది నాకు తెలియంది కాదమ్మా. ఎన్నో ఏళ్లుగా చెబుతున్న పాఠం. సిలబస్ అవ్వలేదన్న తొందరలో, మీకు గుర్తుండిపోతుందని, అన్నిచోట్లా ఇంతే అనేశాను. ఆ ఒక్క మాట అనకపోతే బాగుండేది."

"తెల్లారి క్లాసుల జెప్తే అయిపోవు గద సర్."

"చెబుదామనే వచ్చాను. కట్ట విప్పి చూస్తే అందరూ కుడికే జరిపారు. నా మాట నమ్మి జరిపారు. తప్పని కొట్టేస్తే క్లాసులో సగం మంది ఆగిపోతారు. నా తప్పుకి మీరెందుకు ఆగిపోవాలి? అందుకని అందరికీ మార్కులు వేసేశాను."

ఆ మాట విని నాకు ఆయన మీద గౌరవం కలిగింది. నిజంగా కలిగింది. వెంటనే ఇంకో మాట గుర్తొచ్చి ఆ గౌరవం ఎక్కడ పెట్టాలో తెలియలేదు.

"అందరికి ఏసిన్రు. నాకు?"

సర్ పేపరు వైపు చూశారు.

"నీ దాంట్లో రెండూ ఉన్నాయి. ఎడమదానికి వేస్తే మిగతా అందరివీ తప్పని నేనే ఒప్పుకున్నట్టు. కుడిదానికి వేద్దామంటే పక్కనే అసలు జవాబు కనిపిస్తోంది. రేపు ఎవరైనా నీ పేపరూ ఇంకొకరి పేపరూ పక్కపక్కన పెడితే దొరికిపోతాను. ఏం చెయ్యాలో తోచలేదు. సున్నా వేసేశాను."

ఒళ్లు మండిపోయింది. తప్పు రాసినందుకు సున్నా వచ్చిందనుకుని వారం రోజులు నా బుర్రను నేనే తిట్టుకున్నాను. నాన్న దగ్గర నేను దేనికీ పనికిరానని నేనే ఒప్పుకున్నాను. తీరా చూస్తే క్లాసులో సరైన బొమ్మ గీసింది నేనొక్కదాన్నే, అందుకే సున్నా. ఏడవాలో, నవ్వాలో, ఈయన మీద అరవాలో తెలియలేదు. ఈ మనిషి మంచివాడా చెడ్డవాడా? క్లాసునంతా కాపాడి నన్నొక్కదాన్ని ముంచాడు. మంచితనం ఎక్కువైంది కాబట్టి చెడ్డపని చేశాడా? ఈ సబ్జెక్టు మాదిరే ఈయన కూడా నాకు అర్థం కాలేదు.

"మస్తు అన్యాయం సర్ ఇది," అన్నాను.

"అవునమ్మా." ఆయన సొరుగు లాగి నల్ల పెన్ను తీశారు. క్యాప్ తీసి నా ముందు పెట్టారు. "సరిచేద్దాం. ఆ ఎడమ బొమ్మని నువ్వే కొట్టెయ్. ముందే కొట్టేసి ఉంది, నేను చూసుకోలేదంటాను. ఒకే జవాబు మిగులుతుంది. అయిదుకి అయిదూ వేస్తాను. నువ్వూ గట్టెక్కుతావు, ఎవరికీ ఏమీ కాదు."

పెన్ను తీసుకున్నాను.

ఎంత సులువు! ఒక్క గీత. ఆ గీత గీస్తే నేను పాస్. నాన్నకు సాయంత్రమే చెప్పొచ్చు, ప్యాకింగ్ సెక్షన్‌లో జాగ ఇంకెవరికైనా ఇచ్చుకోమని. జీవన్ అన్న పాస్. క్లాసు పాస్. సర్ ఉద్యోగానికీ పరువుకూ ఢోకా లేదు. నష్టపోయేది కాగితం మీది ఆ గుట్ట ఒక్కటే, దానికి నోరు లేదు. ఇన్ని లాభాలున్నా చెయ్యి కదలదేం?

"పెద్ద పరీక్షల ఇదే అడిగితే సర్?" అన్నాను. "ఆ పేపర్లు దిద్దేది మీరు గాదు గద. బయటోళ్లు. అందరు కుడికే జరుపుతరు. అందరికి సున్నాలే వడ్తయి."

"రివిజన్‌లో చెబుతాను."

"ఏమని జెప్తరు? తప్పు జెప్పిన అని జెప్తరా?"

సర్ టిఫిన్ డబ్బా మూతను ఒకసారి తీసి మళ్లీ పెట్టారు. చెబితే ఈ మిడ్ మార్కుల సంగతి ఎవరో ఒకరు అడుగుతారు. చెప్పకపోతే అందరూ పెద్ద పరీక్షలో పోతారు. ఆయనకు ఏ దారీ కనిపించడం లేదని నాకు అర్థమైంది. నాకు మాత్రం ఏం కనిపించింది కనుక? నేను నిజం పట్టుకుని కూర్చుంటే ముందు పోయేది జీవన్ అన్న. అయిదు మార్కులు పోతే ఆయన వెంచర్ ఆఫీసులో తెల్ల చొక్కా వేసుకుని ప్లాట్లు చూపించుకోవాల్సిందే. నన్ను ఈ గదిలోకి తోసింది ఆయనే. ఫెయిలైనందుకు రెండు సమోసాలు పెట్టింది ఆయనే.

వరండాలో హైహీల్స్ చప్పుడు వినిపించింది. తలుపు తట్టకుండా తోసుకుని వచ్చేది మా డిపార్ట్‌మెంట్‌లో ఒక్కరే. హెచ్ఓడీ అరుణకుమారి మేడమ్.

"సుబ్రహ్మణ్యం గారూ, మీ మిడ్ పేపర్ల కట్ట ఎక్కడ పెట్టారు? ఈసారి ప్రతి సబ్జెక్టువీ నన్నొకసారి చూసి సంతకం పెట్టమన్నారు ప్రిన్సిపాల్ గారు. ఇప్పుడే కావాలి." ఆవిడ గుమ్మంలోనే నిలబడి ఫోన్‌లో ఏదో చూసుకుంటున్నారు.

సర్ ముఖం పాలిపోయింది. పెదవులు మాత్రం కదిపి నాతో, "కొట్టెయ్," అన్నారు. "తొందరగా."

పెన్ను కాగితం మీద ఆనింది. కుడి గుట్ట, ఎడమ గుట్ట. రెండింటి మధ్య సున్నా.

కుడి గుట్టను కొట్టేశాను.

నేనేదో సత్యం కోసం ప్రాణాలిచ్చే రకం అనుకోకండి. అంత లేదు. ఈ సబ్జెక్టు మొత్తంలో నాకు నేనుగా తెలుసుకున్నది ఆ ఒక్క బొమ్మే. అది తప్పని నా చేత్తో నేనే రాసిస్తే, ఇక రేపటినుంచి నేను ఏది చదివినా పక్కవాళ్ల పేపరు చూడకుండా నమ్మలేను. ఆ క్షణంలో నాకు తోచింది అంతే. భయం తర్వాత వేసింది. చాలా వేసింది.

"ఏం చేస్తున్నావమ్మాయ్?" మేడమ్ తల ఎత్తారు. "దిద్దిన పేపరు మీద పెన్ను పెట్టడమేంటి? ఇలా తే."

ఇచ్చాను. ఆవిడ కళ్లద్దాలు సర్దుకుని మూడో ప్రశ్న చూశారు. వేలితో గాల్లో ఏదో లెక్క వేసుకున్నారు. పెదాలు కదిలాయి. "మైనస్ రెండు దగ్గర సున్నా... ఎడమకే వస్తుంది. కరెక్టే కదా. దీనికి సున్నా ఎందుకు వేశారండీ?"

సర్ జేబురుమాలు తీసి మళ్లీ చెయ్యి తుడుచుకున్నారు.

"అడుగుతున్నాను సుబ్రహ్మణ్యం గారూ. మిగతావాళ్లకి ఎంత వేశారు? వాళ్లు ఏం గీశారు?"

"మేడమ్, నేను తర్వాత మీ గదికి వచ్చి..."

"తర్వాత ఎందుకు? కట్ట ఏది?"

సర్ చూపు అసంకల్పితంగా బీరువా పైకి పోయింది. తాడు కట్టిన పేపర్ల కట్ట అక్కడే ఉంది. మేడమ్ చెయ్యి ఎత్తి చూశారు, అందలేదు. గుమ్మంలోకి తిరిగి పిలిచారు.

"ఏయ్ బాబూ, నువ్వే, పొడుగ్గా ఉన్నావు. ఒకసారి లోపలికి రా. ఆ కట్ట దించు."

జీవన్ అన్న వచ్చాడు. పిలిస్తే చాలు ఎవరికైనా పని చేసిపెట్టే మనిషి. మునివేళ్ల మీద లేచి కట్ట దించి, దుమ్ము ఉఫ్‌మని ఊది, బల్ల మీద జాగ్రత్తగా పెట్టాడు. పెడుతూ నా వైపు కనుబొమలు ఎగరేశాడు. పనైందా అని. నేను తల అడ్డంగా ఊపాను. ఇంకా బతిమాలుకో అన్నట్టు కన్ను కొట్టాడు. బయటికి పొమ్మని కళ్లతో ఎంత సైగ చేసినా ఆయనకు అర్థం కాలేదు.

"నువ్వూ ఈ క్లాసేనా?" అన్నారు మేడమ్ తాడు విప్పుతూ.

"ఔ మేడమ్. జీవన్."

"అయితే ముందు నీ పేపరే తియ్యి, చూద్దాం. మూడో ప్రశ్న."

"జీవన్ అన్నా..." అన్నాను. అన్న వినిపించుకోలేదు. సర్ కళ్లు మూసుకున్నారు.

జీవన్ అన్న గబగబా వెతికాడు. రెండేళ్లుగా ఈ సబ్జెక్టులో ఆయన పేపరు చూపించమని ఎవరూ అడిగి ఉండరు. దొరకగానే చొక్కాకు చేతులు తుడుచుకుని, సరైన పేజీ విప్పి, రెండు చేతులతో మేడమ్ ముందు పరిచాడు. కుడివైపున స్కేలు పెట్టి గీసిన గుట్ట. పక్కన అయిదుకి అయిదు. ఈ సబ్జెక్టులో ఆయనకు ఒక ప్రశ్నకి నిండుగా మార్కులు రావడం అదే మొదటిసారి.

"కుడికే జరిపిన మేడమ్," అన్నాడు, సర్ వైపు తిరిగి మెచ్చుకోలుగా నవ్వుతూ. "సర్ జెప్పినట్టే."